దొరసానికి కళ్లు పెట్టిన మొగిలయ్య

నాచారంలో మొగిలయ్య బోర్డు రాయని దుకాణం లేదు, రంగులేయని మైసమ్మ గుడి లేదు. ఫ్లెక్సీలు వచ్చి ఊరును ఆక్రమించాక విధి ఆయనను ఇంగ్లిషు దయ్యాల కొలువులో చేర్చింది. సైనిక్‌పురిలో కాఫీ హోటల్ పెట్టిన జీవన్, పాత ఇంగ్లిషు భయానక కథల పుస్తకాల్లోని బొమ్మలను హోటల్ గోడల కోసం ఆయనతో పెద్దవిగా వేయించుకుంటున్నాడు. పాడుబడ్డ కోటలూ సమాధులూ పూర్తయ్యాయి. తెల్లగౌను దొరసాని ఒక్కతే కళ్లు లేకుండా మిగిలింది.

"గుడ్డిదాన్ని గోడకెట్ల పెట్టాలె మామా? ఇయ్యాల కండ్లు పెట్టు" అని జీవన్ ఫోన్‌లో తొందరపెట్టాడు.

మొగిలయ్య వంశంలో అమ్మవారికి కళ్లు చివరనే దిద్దుతారు. ఆ కళ్ల మొదటి చూపు పడ్డ మనిషి ఏడాది తిరగకుండా పోతాడని నమ్మకం. అందుకే ఆ చూపు అద్దం మీదే పడేలా బొమ్మ ఎదుట అద్దం నిలిపి, తాము పక్కకు జరిగి, చెయ్యి మాత్రం చాస్తారు.

"దయ్యానికి అద్దమేందయ్యా, సింగారించుకుంటదా?" అంది భార్య వెంకటనర్సమ్మ.

"దానికి గూడ మొదటి సూపు ఉంటదే. నువ్వు జర ఎనకకు జరుగు."

ఆయన పక్కన నిలబడి, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టుగా నల్లగుడ్లు దిద్దాడు. అద్దంలోకి తొంగిచూసిన వెంకటనర్సమ్మ నవ్వబోయి ఆగింది.

"మన మైసమ్మ సక్కగ సూస్తది. గీమెది ఓరసూపు గదయ్యా!"

నిజమే. దొరసాని అద్దం వంక చూడనేలేదు. మొగిలయ్య నిలబడ్డ పక్కకే కళ్లు తిప్పి, ఆయనను తీరిగ్గా పరిశీలిస్తోంది. ఆయన గబుక్కున తడిగుడ్డ అందుకుని, అంతలోనే ఆగిపోయాడు. పెట్టిన కళ్లు తుడిచేస్తే ఏమవుతుందో ఆయన తాత చెప్పలేదు, తండ్రి చెప్పలేదు. తుడిచిన వాళ్లెవరూ వాళ్లకు చెప్పడానికి మిగల్లేదు.