తడిసిన నానమ్మ తరఫున సాక్ష్యం

విజయనగరం నుంచి స్నేహితుడి పెళ్లికని మిర్యాలగూడ వెళ్తున్నాను. గరిడేపల్లిలో ఒక పెద్దావిడ వానకు ముద్దగా తడిసి బస్సెక్కి, నా పక్కన కూర్చుంది. ముఖంలో మాత్రం యుద్ధానికి పోతున్న దిగులు.

"నా కోడలు పుట్టింట్ల కన్నది. మనుమరాలిని మొదటిసారి ఎత్తుకుందామని పోతున్న, కొడుకా. గిట్ల తడిసి పోతే మా వియ్యపురాలు ముట్టనియ్యది. పిల్లకు సర్ది చేస్తదంటది."

"వానకి జలుబు రాదమ్మా. మనిషి నుంచి మనిషికి అంటుకుంటుంది. వాన పాపం అమాయకురాలు," అన్నాను.

"గదే ముచ్చట గాడికొచ్చి జర ఆమెకు చెప్పు!"

మా వైపు బస్సులో పక్కవాళ్లు కాస్త జరగమని అడుగుతారు. సాక్ష్యానికి రమ్మనడం ఇక్కడే చూశాను. బస్సు దిగి ఆవిడ వెంట వెళ్లాను.

వియ్యపురాలు గడపలోనే అడ్డంగా నిలబడింది. "అయ్యో వదినా, గిట్ల తడిసొస్తే ఎట్ల?"

నా ఉపన్యాసం మొత్తం ఓపిగ్గా విన్నది.

"అయితే వానతోని కాదు, మనిషితోని వస్తదంటవ్?"

"అంతేనండి."

"మంచిగ చెప్పినవ్. వదినా, నువ్వు చీర మార్చుకొని లోపలికి రా. నువ్వు గాడనే ఉండు, బాబూ. బస్సుల అందరి నడుమ కూసొని వచ్చినవ్."

ఆవిడా అదే బస్సులో వచ్చిందని నోటిదాకా వచ్చింది. ఈలోగా లోపల పొడి చీరలో ఆవిడ మనుమరాలిని ఒళ్లోకి తీసుకుంటూ కనిపించింది. వాళ్లు బయటికే పంపిన చాయ్ వానలో నిలబడి తాగాను.