సత్తిబాబు పేరుతో అప్పన్న బీపీ

గల్ఫ్‌లో ఉన్న మా కంపెనీ ఈ రోజు రిఫాలోని లేబర్ క్యాంపులో పనివాళ్లకు ఉచితంగా బీపీ పరీక్షలు పెట్టింది. ఆలోచన నాదే కాబట్టి డాక్టరు పక్కన కూర్చుని నేనే పేర్లు పిలిచాను. సత్తిబాబు అని పిలవగానే, అప్పటికే పరీక్ష చేయించుకుని వెళ్లిన అప్పన్న మళ్లీ వచ్చి చెయ్యి చాపాడు. మెడలో మాత్రం సత్తిబాబు కార్డు ఉంది.

పక్కకు పిలిచి, ఇదేమిటని అడిగాను.

“ఆడికి గుండెల్లో నొప్పండి మేడంగారూ. డాక్టరుగారు అన్‌ఫిట్ అన్నారంటే వీసా ఇచ్చిన కఫీలు ఇంటికి పంపేత్తాడు, ఖలాస్! నా బీపీ బాగుంది కదండీ, ఆడికీ అదే రాసేయండి.”

“మరి ఆ నొప్పి ఎవరికి రాయమంటావు?”

అప్పన్న మెడలోని సత్తిబాబు కార్డు తీసి నా చేతిలో పెట్టాడు.

ఈ ఫలితాలు ఎవరు చూస్తారని మా మేనేజరును అడిగాను. “నేనే. ఇంకెవరు?” అన్నాడు. ఆ మాట విన్న డాక్టరు పెన్ను జేబులో పెట్టేసుకున్నాడు. నొప్పి సంగతి నేను చెప్పగానే సత్తిబాబు గదికి తనే వెళ్లి, చూసి, తన కారులోనే ఆసుపత్రికి బయలుదేరదీశాడు.

కారెక్కుతూ సత్తిబాబు నన్ను అడిగింది ఒక్కటే. “రేపు డ్యూటీకి రానిత్తారాండీ?”

అప్పన్న బీపీ అరువిచ్చినట్టు, మీలో ఎవరైనా నాకో జవాబు అరువిస్తారా?