డిస్కు మీద పల్లినూనె

"భాభీ, గరగర అంటున్నది."

"రాత్రి వాన పడ్డది గద భాయ్. పైపై తుప్పే. నువ్వు మాట్లాడకు, పండుకో."

"మెల్లగ తొక్కు. పోతది."

మా ఇద్దరి మధ్య నడిచిన చివరి మాటలు ఇవే. వెనక సీట్లో భార్య జరీనా ఒడిలో తల పెట్టుకొని యాకూబ్ భాయ్, ముందు స్టీరింగ్ పట్టుకొని నేను. కరీంనగర్ దవాఖానకు తీసుకుపోతున్నాను. బసంత్‌నగర్ దాటేసరికి బ్రేకుల చప్పుడు పోయింది. భాయ్ మాట కూడా పోయింది. ఆయన అట్లాగే పోయాడు.

ఈ పొద్దున కారు కదిలిస్తే మళ్లీ అదే గరగర. రాత్రంతా వాన. తడిసిన ఇనుము వాసన, దాని వెనక బొగ్గు ధూళి వాసన. రెండుసార్లు మెల్లగా తొక్కాను, చప్పుడు పోయింది. నా లోపలిది మాత్రం పోలేదు. నాకు వచ్చిన అక్షరాలు సంతకం వరకే. అందుకే తమ్ముడి కూతురు సరితను కూర్చోబెట్టి ఇదంతా చెప్పి రాయిస్తున్నాను.

ఇది చదివే మీరు ఆయన్ను చూడలేదు. గోదావరిఖనిలో మా సందు మొదట్లో రేకుల షెడ్డు, దాని పక్కనే ఆయన ఇల్లు, ఆ పక్కన మాది. మనిషి బక్కపలచన. గోళ్లన్నీ కురచగా కత్తిరించుకొని ఎడమ బొటనవేలి గోరు ఒక్కటి పెంచేవాడు. అది షోకు కాదు, పనిముట్టు. మా ఆయన బొగ్గు బాయిలో పని చేసి రిటైరయ్యాక ముచ్చటపడి పాత కారు కొన్నాడు. ఏడాది తిరగకముందే గుండె ఆగి పోయాడు. కారు ఇంటి ముందు అట్లాగే నిలబడిపోయింది. నేనూ ఇంట్లో అట్లాగే కూర్చున్నాను. వానాకాలమంతా ఎవరినీ దాన్ని ముట్టనివ్వలేదు.

ఒకరోజు భాయ్ అడగకుండానే వచ్చి ముందు చక్రం విప్పాడు. లోపల పళ్లెంలా ఉండే ఇనుప డిస్కు. బ్రేకు తొక్కితే ప్యాడ్లు దాన్నే పట్టుకొని బండిని ఆపుతాయి. అదంతా ఎర్రటి తుప్పు. చూసి ఏడ్చేశాను. మా ఆయన బండే కుళ్లిపోయిందనుకున్నాను.

"ఏడుస్తవేంది భాభీ? గిది రోగం గాదు, మురికి." బొటనవేలి గోటిని డిస్కు మీద అడ్డంగా గీశాడు. "చూడు, గోరు జారుతున్నది. అంటే పైపైదే. గోరు ఆగిందనుకో, గుంట పడ్డట్టు. అప్పుడు డిస్కు మార్చాలె." గరుకు కాగితంతో రుద్ది, తుడిచి మళ్లీ బిగించాడు. "నిలబెడితే మళ్ల పడ్తది. రోజూ నడుపు."

"ఎవలు నడపాలె భాయ్?"

"నువ్వే."

కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వాను. మా ఆయన పోయాక అదే మొదటి నవ్వు. ఆ వారం నుంచి తెల్లవారి ఆటస్థలంలో నేర్పడం మొదలుపెట్టాడు. క్లచ్చు వదిలితే బండి ఎగిరేది. "అరె భాభీ, బర్రెను అదిలిస్తున్నవా? పాల గిన్నె దించినట్టు దించు కాలు!" అనేవాడు. నాకు అర్థమయ్యేటట్టు వంటింటి మాటల్లోనే చెప్పేవాడు. నా తప్పు కూడా వంటింట్లోనే పుట్టింది.

మధ్యలో ముసురు పట్టింది. వారం రోజులు పాఠం లేదు. తొంగిచూస్తే చక్రం సందుల్లోంచి మళ్లీ ఎరుపు. భాయ్‌ను ఎన్నిసార్లు పిలవాలి అనుకున్నాను. ఇనుప పెనానికి తుప్పు పడితే ఏం చేస్తాం? తుడిచి నూనె రాస్తాం. కొడవలికైనా అంతే. పాత గుడ్డను పల్లినూనెలో ముంచి, చెయ్యి పట్టినంత మేర రెండు ముందు డిస్కులకూ పూశాను. మిలమిలా మెరిశాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మరునాడు మరిది వచ్చాడు. "వదినె, నీకెందుకే కారు? నేను తీస్కపోత," అంటూ తాళం తీసుకున్నాడు. సందు పల్లం దిగుతూ బ్రేకు తొక్కాడు. బండి ఆగలేదు, జారుకుంటూ పోయి అందరూ నీళ్లు పట్టుకునే నల్లా గద్దె గోడకు గుద్దింది. అప్పుడే ఒకామె బిందె ఎత్తుకొని పక్కకు జరిగింది. దెబ్బలు ఎవరికీ తగల్లేదు. ఉలిక్కిపడి ఆమె వదిలేసిన బిందె చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

సందంతా పోగైంది. భాయ్ ఉరికొచ్చి, వంగి, డిస్కు మీద వేలు పెట్టాడు. వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తలెత్తి నా వైపు చూశాడు. పల్లినూనె వాసన ఎవరి ఇంటిదో మెకానిక్‌కు తెలియదా? నేనే చేశానంటే కారు పోతుంది, పాఠం పోతుంది, ఆడదానికి ఎందుకివన్నీ అన్న మాట మిగులుతుంది.

భాయ్ లేచి నిలబడ్డాడు. "గల్తీ నాది. నిన్న నూనె చేతులతోటి ముట్టిన."

"మనుషులను సంపుతవారా?" అని మరిది కాలరు పట్టాడు. తాళం నా కాళ్ల ముందు పారేసి, "వీడు ముట్టిన డబ్బా నాకద్దు," అని వెళ్లిపోయాడు. కారు నాకు మిగిలింది అట్లా. నేను వంగి తాళం ఏరుకున్నాను.

సాయంత్రం భాయ్ డిస్కులు కడిగి, నూనె పీల్చిన ప్యాడ్లు తీసి కొత్తవి వేశాడు. తిడితే బాగుండేదనిపించింది. "పెనం మీద దోశ జారాలె భాభీ, గీడ జారొద్దు. గంతే తేడా," అన్నాడు.

"నా తప్పు నువ్వెందుకు ఎత్తుకున్నవ్ భాయ్? నీ పేరు పోదా?"

"పేరుకు పట్టింది పైపై తుప్పే. నాలుగు బండ్లు మంచిగ ఆపితే పోతది. నువ్వైతే రేపు పొద్దుగాల్ల రా, రివర్సు నేర్పాలె."

ఆ తర్వాత నేను రివర్సు నేర్చాను, లైసెన్సు తీసుకున్నాను. సందులో కాన్పు నొప్పులొచ్చినా, ఎవరికి జ్వరమొచ్చినా నన్నే పిలిచేంత దూరం వచ్చాను. ఆయన పేరు సంగతి మాత్రం ఆయన అన్నట్టు జరగలేదు. భాయ్ పోయిన నలభయ్యో రోజు ఆయన పేరున చదివించిన ఫాతిహాకు వచ్చిన ఒకాయన భోజనం చేస్తూ, "మంచి మెకానిక్కే గని, బ్రేకుకు నూనె పూసిండు చూడు!" అని నవ్వాడు. నలుగురూ నవ్వారు. వడ్డిస్తున్న జరీనా చెయ్యి ఆగింది. ఆమె తల దించుకొని లోపలికి పోయింది. భాయ్ గోరు పెట్టి చూడమన్నాడు కదా, ఆయన పేరు మీద పెట్టి చూశాను. గోరు ఆగింది. గుంట పడింది.

కారులో ఆ చివరి రోజైనా, పండుకో అనేబదులు ఆ నూనె మాట జరీనా వినేటట్టు చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఆయన నేర్పినవాటిలో నడపడం నా కాళ్లకు వచ్చింది. తప్పు నాదని నిలబడి అనడం ఇప్పటికి గాని రాలేదు. బ్రేకులకు పల్లినూనె పూసింది యాకూబ్ భాయ్ కాదు, నేను.

సరితా, ఇగ రాసింది చాలు బిడ్డా. మొదటి నుంచి ఒక్కసారి సదివి వినిపియ్యి. నూనె నేనే పూసిన అన్నకాడ గట్టిగ సదువు. పక్కింట్ల జరీనా వంట చేస్తున్నది, కిటికీ తెరిచే ఉన్నది.