రూట్ 66 మీద నా చిటికెనవేలు

కిందటేడు అమెరికాలో చాండ్లర్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉండగా, ఇంజనీరు అల్లుడు కిరణ్ ఆఫీసు స్నేహితులతో రూట్ 66 అనే పాత రహదారి మీద మోటారుసైకిళ్ళ యాత్రకు నన్నూ తీసుకువెళ్ళాడు. ముందు బండి అతనిది, వెనక సీటు నాది. మా వెనక ఎనిమిది బళ్ళమీద ఎనిమిదిమంది గడ్డాల అమెరికన్లు. ముందు బండిమీద ఏ సైగ చేస్తే వెనకవాళ్ళంతా అదే చెయ్యాలట. ఆ నియమం నాకెవరూ చెప్పలేదు!

సెలిగ్మన్ ఊళ్ళో తాగిన పెద్ద కాఫీ అరగంటలో తన పని మొదలుపెట్టింది. హెల్మెట్లో అల్లుడికి నా కేకలు వినపడవు. అరవై ఐదేళ్ళ క్రితం బడిలో మాస్టారికి చూపించినట్టే, చిటికెనవేలు ఎత్తి అద్దంలో కనపడేలా ఊపాను. వెంటనే వెనక ఎనిమిది చిటికెనవేళ్ళు లేచాయి. అది చూసి అల్లుడూ హుషారుగా ఎత్తాడు. ఎదురొచ్చిన బైకులవాళ్ళు కూడా పలకరింపనుకుని ఎత్తి వెళ్ళారు. ఆగినవాడు మాత్రం లేడు!

ఓర్చుకోలేక అల్లుడి హెల్మెట్‌మీద దబదబా బాదాను. ముందు పోలీసులున్నారనడానికి అది వాళ్ళ గుర్తట! అందరూ హెల్మెట్లు తట్టుకుని, పెళ్ళి ఊరేగింపులా నెమ్మదించారు. చివరికి నేను కాలు కిందికి చాపేసరికి అల్లుడు హడలిపోయి ఆపాడు.

"మామయ్యా, స్టాప్ చేయమని ముందే చెప్పొచ్చు కదా!"

"పది మైళ్ళుగా ఎనిమిదిమంది చేత చెప్పిస్తున్నానయ్యా!"

ఆ ఎడారిలో చాటుకి చెట్టు కూడా లేదు. పాపం, ఆ గడ్డాలవాళ్ళే బళ్ళు అడ్డంగా నిలిపి, మర్యాదగా అటు తిరిగి నిలబడ్డారు. నాలుగో తరగతితో బడి మానేసి, మిగతాదంతా సొంతంగా నేర్చుకున్నవాణ్ణి కనుక అడుగుతున్నాను: ఒంటికి వేలెత్తితే అర్థంకాని ఇంజనీరుకి ఆ డిగ్రీ ఎవరిచ్చారండీ?