పొగగొట్టం సంగతి చెప్పిన సాయంత్రం

డిసెంబరు రెండో వారంలో, మధ్యాహ్నం రెండున్నరకు పోస్టు చేరాను. ఎత్తు పదహారు వేల అడుగులు. కింది క్యాంపు నుంచి ఏడు గంటల నడక. వీపు మీద ఇరవై కిలోల బరువు, రైఫిల్ వేరే. చలి మైనస్ పద్దెనిమిది. పోస్టు అంటే మంచులో కూరుకున్న రెండు బంకర్లు. పెద్దదాంట్లో తొమ్మిది మందిమి. ఇరవై అడుగుల అవతల చిన్నది, వైర్‌లెస్ సెట్ కోసం. అందులో సిగ్నల్ ఆపరేటర్ ఒక్కడే ఉండేవాడు.

నా హిందీ యాస వినగానే అతను తల తిప్పాడు.

"ఏ ఊరన్నా?"

"కోరుట్ల."

"నాది సిరిసిల్ల. మా ఇంట్ల అందరు సాంచల మీదనే పని. నేనొక్కన్నే గిట్లచ్చిన."

సాంచలంటే మరమగ్గాలు. ఆ చప్పుడులో పుట్టిపెరిగినవాడికి ఈ నిశ్శబ్దంలో మొదటి వారం నిద్ర పట్టలేదట.

యుద్ధం చూశావా అని ఊళ్లో అందరూ అడుగుతారు. ఆ మూడు నెలల్లో ఒక్క తూటా పేలలేదు. ఉదయం దారి మీది మంచు తవ్వడం. మంచుగడ్డలు కరిగించి నీళ్లు చేసుకోవడం. రెండు గంటలు కాపలా, నాలుగు గంటలు విశ్రాంతి. సాయంత్రం నాలుగింటికి రెండు బంకర్ల పొగగొట్టాలకు పట్టిన మంచు రాలగొట్టడం. ఈ చివరి పని నాది. లోపల రాత్రింబవళ్లు కిరోసిన్ పొయ్యి వెలుగుతుంది. గొట్టం మూసుకుంటే పొయ్యి విషవాయువు లోపలే ఉండిపోతుంది, మనిషికి తెలియకుండానే స్పృహ తప్పుతుంది.

అయిదున్నరకు టీ. అప్పుడు సుబేదార్ సాబ్ ఒక్కొక్కరినీ అడిగేవాడు. గఢ్వాల్ కొండల మనిషి, మాట మెత్తన.

"ఈ రోజు నీ వల్ల అయిన మంచి ఒకటి చెప్పు. లోటు ఒకటి చెప్పు."

సెట్ వదిలి రాకూడదు కాబట్టి సిగ్నల్ ఆపరేటర్‌ను చివర్లో, రెండు బంకర్లను కలిపే టెలిఫోన్‌లో అడిగేవాడు.

చేరిన మర్నాడు నా వంతు వచ్చింది. "ఏమీ లేదు సాబ్. మంచు తవ్వాను."

"ఆ దారిన ఎవరు నడిచారు?"

"చూడలేదు సాబ్."

"రేపు చూడు."

మర్నాడు చూశాను. కిరోసిన్ డబ్బాతో వంటవాడు నడిచాడు, ఒక్కసారి కూడా జారలేదు. సాయంత్రం అదే చెప్పాను. సుబేదార్ సాబ్ తల ఊపాడు. ఎవరూ నవ్వలేదు. ఆ రోజు నుంచి నా రోజులు ఒకదానిలా ఒకటి ఉండడం మానేశాయి.

జనవరి ఆఖర్లో ఒక రోజు మధ్యాహ్నం దాకా మంచు కురిసి ఆగింది. నాలుగింటికి నా వేళ్లు మొద్దుబారి ఉన్నాయి. మా గొట్టం దులిపాను. రెండోదాని వరకు వెళ్లలేదు. మంచు ఆగింది కదా, పొద్దున చూద్దామని పొయ్యి దగ్గర కూర్చున్నాను.

అయిదున్నరకు నా వంతు వచ్చింది. లోటు ఏదైనా చెప్పొచ్చు. కాపలాకు రెండు నిమిషాలు ఆలస్యమైందని అనొచ్చు. అందరూ నా వైపు చూస్తున్నారు.

"సాబ్, సెట్ బంకర్ గొట్టం దులపలేదు. బద్ధకించాను."

సుబేదార్ సాబ్ నా మొహం చూడలేదు. టెలిఫోన్ హ్యాండిల్ తిప్పాడు. జవాబు లేదు. మళ్లీ తిప్పాడు. లేచి పరుగెత్తాడు. వెనకే నేను.

సిగ్నల్ ఆపరేటర్ సెట్ మీద తల వాల్చి ఉన్నాడు. చెవులకు హెడ్‌ఫోన్లు అలాగే ఉన్నాయి. పొయ్యి ఆర్పి, భుజాలు పట్టి బయటికి లాగి, మంచు మీద పడుకోబెట్టాం. వంటవాడు ఆక్సిజన్ సిలిండర్ తెచ్చాడు. తలుపు బార్లా తీసి సుబేదార్ సాబ్ సెట్ అందుకున్నాడు.

"స్పృహ ఉందా? ఓవర్." కింది క్యాంపు నుంచి డాక్టర్.

"లేదు. ఊపిరి ఉంది. ఓవర్."

"ఆక్సిజన్ ఆపొద్దు. ఓవర్."

పదకొండు నిమిషాలు. వాచీ చూస్తూ అతని పేరు పిలుస్తూనే ఉన్నాను. అప్పుడు కళ్లు తెరిచి వాంతి చేసుకున్నాడు.

"అన్నా... సెట్ మీద ఎవలున్నరు?"

"సుబేదార్ సాబ్ ఉన్నడు. నువ్వు పండుకో తమ్మీ."

ఆ రాత్రి పెద్ద బంకర్లోనే ఉంచాం. తెల్లారాక తప్పు నాదేనని అతనికి చెప్పాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. శిక్ష ఏమిటని సుబేదార్ సాబ్‌ను అడిగాను. "నువ్వు అబద్ధమాడి ఉంటే వాడు దక్కేవాడు కాదు. గొట్టం దులపకుంటే ఏమవుతుందో ఇప్పుడు నీకు తెలుసు. ఇక నేను వేయాల్సిన శిక్ష ఏముంది?" అన్నాడు.

మూడో సాయంత్రం టెలిఫోన్‌లో అతని గొంతు అందరికీ వినిపించింది. "ఇయ్యాల మంచేందంటే, అన్న మీద కోపం జర తగ్గింది సాబ్. లోటేందంటే, ఇంకింత ఉన్నది."

అందరం నవ్వాం. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

మార్చిలో మా బదులు వేరే దళం వచ్చింది. కోరుట్ల స్టేషన్‌లో దిగేసరికి ఎండ, పసుపు ఉడుకుతున్న వాసన. ఆ సాయంత్రం నా భార్యను అదే ప్రశ్న అడిగితే నవ్వింది. "మిలిటరీల గిదేనా నేర్పింది?" అంది. వారం తర్వాత తనే మొదలుపెట్టింది.

"పక్కింటామెతోని మాటల్లేక ఆర్నెల్లాయె. ఇయ్యాల నేనే పోయి పలుకరిచ్చిన."

"లోటు?"

"ముందుగాల్నే పోకపోతి."

ఇప్పుడు పెన్షన్ మీద ఉన్నాను. జగిత్యాలలో ఒక బడి బస్సు నడుపుతున్నాను. చెప్పుకోదగ్గ రోజులేమీ కావు. అయినా అయిదున్నరకు ఇంటి మెట్టు మీద ఇద్దరం కూర్చుంటాం. సిగ్నల్ ఆపరేటర్ సిరిసిల్లలో సాంచలు నడుపుతున్నాడు. ఫోన్ చేస్తే చప్పుడుకు వినపడదని బయటికొచ్చి మాట్లాడతాడు.

ఒకటి మాత్రం కళ్ల ముందు నుంచి పోదు. అతన్ని బయటికి లాగిన మర్నాటి ఉదయం, ఆరున్నరకు, పార పట్టుకుని దారి తవ్వుతున్నాను. అతన్ని పడుకోబెట్టిన చోట మంచులో అతని అరచేతి అచ్చు ఉంది. అయిదు వేళ్లూ విడివిడిగా, గడ్డకట్టి. దాన్ని వదిలేసి చుట్టూ తవ్వుకుంటూ వెళ్లాను.