వెయిటింగ్ రూములో వాండా

మొన్న మోకాళ్ల నొప్పి చూపించుకోవడానికి మనవరాలిని వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లాను. మేం వంతు కోసం కూర్చున్న హాలును ఒకామె తడిగుడ్డతో తుడుస్తోంది. ఆమె బకెట్టులోంచి ఫినాయిల్ వాసన గుప్పున వచ్చింది. ఇప్పుడు ఇళ్లలో వాడేది కాదు, పాతకాలపు ఘాటు ఫినాయిల్. ఒక్కసారిగా మనవరాలి చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. "క్యా హువా అమ్మమ్మా?" అంది మనవరాలు. ఏమీ లేదన్నాను. కాని నేను అక్కడ లేను. పదహారేళ్ల పిల్లనై బిలాస్‌పూర్ స్టేషన్‌లో పై తరగతి ఆడవాళ్ల వెయిటింగ్ రూము గుమ్మంలో నిలబడి ఉన్నాను. లోపల పేము కుర్చీలో ఒక తెల్ల పిల్ల, ట్రంకుపెట్టె ఒళ్లో పెట్టుకుని వణుకుతోంది.

అవి యుద్ధం రోజులు. మా నాన్న లోకోషెడ్డులో ఫిట్టరు. తాత కాలంలోనే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి తార్‌బహార్ బస్తీ పక్కన రైల్వే క్వార్టర్లో స్థిరపడ్డాం. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నన్ను పెంచింది మా మేనత్త సన్యాసమ్మ. ఆ వెయిటింగ్ రూములో ఆయా ఆవిడే. నేను రోజూ మధ్యాహ్నం ఆవిడకు అన్నం పట్టుకెళ్లేదాన్ని. ఆ రోజు అత్త నన్ను చూడగానే బయటికి లాక్కొచ్చి, గొంతు తగ్గించి చెప్పింది.

"పొద్దున్న నాగపూర్ బండి దిగింది. మంచినీళ్లయినా ముట్టట్లేదే. తలుపు దగ్గరికేస్తే గుండె బాదుకుంటంది. నీకు హిందీ వొచ్చు కదా, ఏటి కావాలో అడిగి సూడు."

తానుండే కాందిశీకుల శిబిరంలో వంటవాళ్ల దగ్గర నేర్చుకున్న ముక్కల హిందీ ఆ తెల్ల పిల్లకు వచ్చు. దానితోనే మూడు రోజులూ మాట్లాడుకున్నాం. ఆమె పేరు వాండా. నన్ను నర్సా అని పిలిచేది. పంతొమ్మిదేళ్లు. పోలెండు దేశం. అలాంటి దేశం ఒకటుందని అంతవరకు నాకు తెలియదు. ఆమె దగ్గరున్న కాగితం మీద స్టెఫాన్ అనే ఒకతని పేరు, కట్నీ లైనులో అడవుల మధ్య ఉన్న ఒక బొగ్గు గని పేరు రాసి ఉన్నాయి. అతనిదీ పోలెండే. యుద్ధానికి చాలా ముందు వచ్చి ఆ గనిలో ఫోర్‌మన్‌గా కుదిరాడు. బొంబాయి వైపు పోలెండు కాందిశీకుల శిబిరంలో ఉన్న పాద్రీ ఒకాయన ఇద్దరికీ ఉత్తరాలు రాసి సంబంధం కుదిర్చాడు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీ చర్చిలో పెళ్లి. తోడుగా బయల్దేరిన పాద్రీ నాగపూర్‌లో జ్వరంతో పడిపోతే, ఆమె ఒక్కతే బండెక్కి వచ్చేసింది. స్టేషనుకు వచ్చి తీసుకెళ్తానన్న పెళ్లికొడుకు మాత్రం రాలేదు.

అత్త చేసిన చారన్నం నాలుగు ముద్దలు తిన్నాక వాండా నోరు విప్పింది. ఇంజను కూత వినిపించినప్పుడల్లా మాట మధ్యలో ఆపేసి, అది దూరమయ్యాక మళ్లీ మొదలుపెట్టేది. ఒక శీతకాలం ఉదయం సైనికులు వాళ్ల ఇంటికి వచ్చారట. అరగంటలో మూటలు కట్టుకోమని, అందరినీ గూడ్సు పెట్టెలో ఎక్కించి బయట గడియ వేశారట. అలా వారాల తరబడి ప్రయాణం. తండ్రిని దారిలోనే వేరుచేసి తీసుకుపోయారు. మంచు దేశంలో రెండేళ్లు చెట్లు కొట్టి, అక్కడినుంచి బయటపడి ఎడారి దాటుతుండగా తల్లి జ్వరంతో పోయింది. మిగిలింది పదకొండేళ్ల చెల్లెలు జోసియా. ఆ పిల్ల ఇంకా శిబిరంలోనే ఉంది.

"యుద్ధం అయిపోతే మమ్మల్ని ఎక్కడికి పంపుతారో ఎవరికీ తెలియదు. నాకు ఇల్లంటూ ఉంటే జోసియాను తెచ్చుకోవచ్చు. అందుకే ఒప్పుకున్నాను" అంది.

రెండో రోజు నాకు ఫొటో చూపించింది. సన్నటి మీసం, నవ్వు లేని ముఖం. పన్నెండేళ్ల కిందటి ఫొటో అట. నాకూ సంబంధం చూస్తున్నారని చెప్పాను. షెడ్డులో ఫైర్‌మన్, ఇంజనులో బొగ్గు వేసే పని. వచ్చే ఆదివారం చూడటానికి వస్తున్నారు.

"భయంగా లేదా?" అంది.

నన్ను ఆ మాట అంతవరకు ఎవరూ అడగలేదు. లేదన్నాను. ఆమె నా ముఖంలోకి చూసి తల తిప్పుకుంది.

"నాకు చాలా భయం. ప్రతి బండి ఆగగానే, ఇందులో అతను ఉండకూడదని దేవుణ్ణి వేడుకుంటున్నాను. బండి వెళ్లిపోయాక, రాకపోతే నేనేమైపోతానని ఏడుస్తున్నాను."

మూడో రోజు పొద్దున నేను వెళ్లేసరికి అత్త ప్లాట్‌ఫారం మీదే నా కోసం నిలబడి ఉంది. తంతి ఆఫీసు తారు బాబు చెప్పాడట. వాండా బండి దిగిన రోజే ఆ గనిలో కప్పు కూలింది. మనుషులు లోపల చిక్కుకుపోయారు. పోలు సాహెబు స్టెఫాన్ వాళ్లకోసం దిగాడు. ఇంకా పైకి రాలేదు.

"నువ్వే సెప్పవే. నాకా బాస రాదు" అంది అత్త. ఆవిడ భాష గురించి అనలేదని నాకు తెలుసు.

ఎలా చెప్పానో గుర్తులేదు. విన్నాక ఆమె ఏమైందో మాత్రం నిన్న జరిగినట్టు ఉంది. అరవలేదు. కుర్చీలోంచి జారి నేలమీద కూర్చుంది. రెండు చేతులూ చూసుకుంటూ, "నేనే చేశాను" అంది. "రావద్దని నేనే అడిగాను కదా. దేవుడు విన్నాడు. నేనే చంపాను."

అప్పుడు నాకు పట్టిన భయం చెప్పలేను. ఎందుకంటే నేనూ అలాంటి మొక్కే మొక్కుకుని ఉన్నాను. ఆ ఫైర్‌మన్ సంబంధం ఎలాగైనా తప్పిపోవాలని, పైడితల్లికి దణ్ణం పెట్టుకుని ముడుపు కట్టాను. ఎలాగైనా అంటే ఎలా? అతను రోజూ మండే ఇంజను మీద నిలబడేవాడు. వాండా పక్కనే కూలబడి, ఇంట్లో అత్తకు కూడా చెప్పని సంగతి ఆమెకు చెప్పేశాను. ఆమె ఏడుపు ఆపి నా చెయ్యి పట్టుకుంది. ఆమె వేళ్లు చెట్లు కొట్టి కాయలు కాచి, మా నాన్న వేళ్లలా ఉన్నాయి. మధ్యాహ్నం దాకా అలాగే కూర్చున్నాం. బండ్లు వచ్చాయి, పోయాయి. అత్త వచ్చి చూసి, మా ముందు మంచినీళ్ల చెంబు పెట్టి వెళ్లింది.

మూడు దాటాక ఒక బొగ్గు గూడ్సు ఆగింది. గార్డు పెట్టెలోంచి ఒక మనిషి దిగి, ప్లాట్‌ఫారం దాటి నేరుగా మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఒళ్లంతా మసి. ఎడమ చెయ్యి గుడ్డతో మెడకు కట్టి ఉంది. నుదుటి మీద గాయంలో బొగ్గు నలుసులు అలాగే ఉండిపోయాయి. ఫొటోలో ఉన్న మనిషి కాదు. ఆ మనిషికి తండ్రిలా ఉన్నాడు స్టెఫాన్. వాండా లేచి గోడకు ఆనుకుంది. నా చెయ్యి వదల్లేదు.

ఆమె చూపు అతని మీద లేదు, అతని వెనకున్న తలుపు మీద ఉంది. అది గమనించాడు. గుమ్మంలోంచి పక్కకు తప్పుకుని, గది అవతలి మూల దాకా నడిచి, అక్కడున్న స్టూలు మీద కూర్చున్నాడు. ఆమె కావాలంటే మూడంగల్లో బయటికి వెళ్లిపోవచ్చు. వాండా నా చెయ్యి పట్టు కాస్త సడలించింది.

వాళ్ల భాషలో ఆమె ఏదో అడిగింది. అతను నేల చూస్తూ నెమ్మదిగా జవాబు చెప్పాడు. చెప్తూ చెప్తూ బాగున్న చేత్తో ముఖం కప్పుకున్నాడు. అంత పెద్ద మగవాడు ఏడవడం నేను మొదటిసారి చూశాను. ఆమె ఏమడిగిందో సాయంత్రం నాకు చెప్పింది.

"లోపల భయపడ్డావా అని అడిగాను. భయపడ్డానన్నాడు. ఆరుగురిని పైకి పంపాడట. ఇంకా ఇద్దరున్నారు. మళ్లీ కప్పు కూలేలా చప్పుడు వినిపిస్తే, భయంతో వాళ్లను వదిలి పైకొచ్చేశాడట. ఆ ఇద్దరి పేర్లు నాకు చెప్పాడు. నాకు ఇష్టం లేకపోతే రేపు పొద్దున్న తిరుగు బండి తనే ఎక్కిస్తానన్నాడు."

"నువ్వేటన్నావు?" అన్నాను. కంగారులో తెలుగులో అడిగేశాను. అయినా ఆమెకు అర్థమైంది.

"జోసియా మాతో ఉండాలని చెప్పాను. సరేనన్నాడు. అతనంటే నాకు ఇంకా భయమే నర్సా. కాని అతను అబద్ధం చెప్పలేదు."

మర్నాడు రైల్వే చర్చిలో పెళ్లి జరిగింది. నేనూ అత్తా గుమ్మం దగ్గర నిలబడి చూశాం. అక్కడి పాద్రీ పెళ్లి మాటలు చెప్పిస్తుంటే స్టెఫాన్ రెండుసార్లు ఆగి మళ్లీ మొదలుపెట్టాడు. వాండా మాత్రం బడిలో పాఠం అప్పగించినట్టు గడగడా చెప్పేసింది. ముఖంలో నెత్తురు లేదు.

ఆదివారం మా ఇంటికి ఫైర్‌మన్ వాళ్లు వచ్చారు. అతను కుశాలుగా కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. అతని తల్లి నన్ను నడవమంది, పాడమంది, జడ విప్పి చూపించమంది. ఇంకేమైనా అడగాలా అని మా నాన్న వాళ్లను అడిగాడు. అప్పుడు నా నోట్లోంచి మాట వచ్చేసింది. "మీకు కోపమొస్తే ఏటి సేస్తారు?"

అతను నా వైపు కాకుండా వాళ్లమ్మ వైపు చూశాడు. ఆవిడ చటుక్కున లేచింది. "అచ్ఛా! మేం పిల్లని సూడ్డానికొచ్చామా, పిల్ల మమ్మల్ని సూడ్డానికొచ్చిందా?" అంటూ చెప్పులు తొడుక్కుంది. నాన్న నాతో నెలరోజులు మాట్లాడలేదు. తార్‌బహార్‌లో నీళ్లకు వెళ్తే ఆడవాళ్లు మాటలు ఆపేసేవారు. ఇక నాకు పెళ్లి కాదని అత్త కుమిలిపోయింది. నాకూ భయమేసింది. ఆ ఫైర్‌మన్ మంచివాడో కాదో నాకు ఈనాటికీ తెలియదు. మంచివాడే అయివుండొచ్చు. కాని అతను జవాబు చెప్పలేదు.

ఏడాది తర్వాత సిగ్నల్ క్యాబిన్‌లో పనిచేసే ఒకతను చూడటానికి వచ్చాడు. నా సంగతి ఊరంతా తెలుసు కనక అతనికీ తెలుసు. నేను అడగకముందే తలొంచుకుని, "కోపమొస్తే కంచం ముందునుంచి లేసిపోతానండి. గంట పోయాక ఆకలేసి నేనే వస్తాను" అన్నాడు. నలభై ఒక్క ఏళ్ల కాపురంలో అతను చెప్పింది అక్షరాలా నిజమైంది.

వాండా నెలకోసారి బజారు పనిమీద బిలాస్‌పూర్ వచ్చేది. తర్వాత తర్వాత జోసియాతో, ఆ పైన చంకలో కొడుకుతో వచ్చేది. ప్రమాదం జరిగిందని గని హూటరు వేళకాని వేళ మోగితే ఏం చేస్తావని ఒకసారి అడిగాను. చేతిలో పని కింద పెట్టి, పిల్లవాణ్ణి ఎత్తుకుని, గని నోటి దాకా నడిచి వెళ్తానంది. ఇంట్లో కూర్చుని ఎదురుచూడడం తన వల్ల కాదంది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చే నాటికి స్టెఫాన్ ఊపిరితిత్తులు బొగ్గు దుమ్ముతో పాడైపోయాయి. అతను పని మానేశాక, ఏదో సముద్రం అవతలి దేశానికి వెళ్లిపోవడానికి కాగితాలు వచ్చాయి.

బొంబాయి వెళ్లే బండి దగ్గర నేను ఆమెను కావలించుకున్నాను. అప్పటికి నాకు ఏడో నెల. మొదటి కాన్పు పోయింది కనక రాత్రింబవళ్లు దిగులే. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఆమె వెళ్తున్నది ఎవరూ తెలియని దేశానికి, జబ్బు మనిషితో. "భయపడకు వాండా" అన్నాను.

ఆమె నా భుజాలు పట్టుకుని కాస్త వెనక్కి జరిపి చూసింది. "అలా అనకు నర్సా. మమ్మల్ని పెట్టెలో పెట్టి గడియ వేసిన సైనికుడు కూడా భయపడకండి అనే అన్నాడు. దేని గురించి భయమో అడుగు. అడిగి, నేను చెప్పేదాకా ఆగు."

అడిగాను. బండి కదిలేదాకా ఆమె చెబుతూనే ఉంది. తర్వాత ఆమె అడిగింది. నేను కిటికీ పక్కన నడుస్తూ, పుట్టబోయే బిడ్డ గురించి ఎవరికీ చెప్పని మాటలన్నీ చెప్పాను. ప్లాట్‌ఫారం అయిపోయింది కాని నా మాటలు అయిపోలేదు.

ఆ తర్వాత ఒక ఉత్తరం వచ్చింది. స్టెఫాన్ పోయాడని, జోసియా నర్సు చదువు చదువుతోందని అందులో ఉంది. మరి రాలేదు. ఆమె ఉందో లేదో తెలియదు. ఆమె నాకు ధైర్యం నేర్పిందని మా ఇంట్లో అందరూ అనుకుంటారు. అది నిజం కాదు. నేను ఈనాటికీ పిరికిదాన్నే. కాని పురిటికి వెళ్లే కూతురికి గాని, కొత్త ఉద్యోగానికి పరాయి ఊరు వెళ్లే అల్లుడికి గాని, భయపడకు అన్న మాట నా నోటి నుంచి రాలేదు. దేనికి భయమని అడుగుతాను. జవాబు వచ్చేదాకా కూర్చుంటాను. ఒక్కోసారి చాలాసేపు పడుతుంది.