మూడో పిలుపు

1994 నవంబరు తొమ్మిది, సాయంత్రం ఐదు గంటలు. మద్రాసు వ్యాసర్పాడిలో సన్నని వాన పడుతున్నది. వైమానిక దళంలో ఇరవై యేళ్లు రాడారు తెర చూసి ఉద్యోగం విరమించిన బాలసుందరం, పంచె చెంగుతో కళ్లజోడు తుడుచుకుంటూ కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. వందల మైళ్ల ఆవల విమానానికి తగిలి తిరిగివచ్చిన తరంగం, ఆ తెరమీద కాంతిరేఖ చుట్టి వచ్చినప్పుడల్లా చుక్కగా మినుకుమంటుంది. ఒక్క చుట్టులో కనబడినది పిట్టల గుంపైనా కావచ్చు. వరుసగా మూడు చుట్లలోనూ కనబడితేనే పైవారికి చెప్పాలి. ఆ నియమం ఆయన ఒంటికి పట్టిపోయింది. భోజనానికైనా మూడో పిలుపుకే లేచేవాడు. "మీ రాడారుకు నేను ఆనాలంటే మూడు తూర్లు అరవాల్నా సామీ?" అని భార్య అలివేలు దెప్పేది.

ఆ సాయంత్రం ఆమె వంటింట్లోనుంచి, "ఏమండీ, ఈడ గుండెల్లో పట్టేసినట్టుండాది" అన్నది. ఆయన చెవి ఒగ్గాడు గాని లేవలేదు. కాసేపటికి, "ఏమండీ" అని మెల్లగా వినబడింది. రెండు, అనుకున్నాడు. మూడోదానికై వేచి ఉన్నాడు. వాన చప్పుడు తప్ప మరేమీ రాలేదు.

అలివేలు ఆసుపత్రి చేరకముందే పోయింది. బాలసుందరం మరి నాలుగేళ్లు బ్రతికాడు. వీధిలో ఎవరు ఎవరిని ఒక్కసారి పిలిచినా, లేచి వెళ్లి తలుపు తీసేవాడు.